ఆశ్రయపురానికి దారి ఎవరు వేయాలి?



పోయిన ఆదివారం యెహోషువ గ్రంథం 20వ అధ్యాయం ధ్యానించాం. ఆరు ఆశ్రయపురాల గురించి చెప్పుకున్నాం. యొర్దానుకు ఇటు మూడు, అటు మూడు. చేతి మీద రక్తం పడినవాడు పరుగెత్తుకుంటూ వచ్చి ఊరి గుమ్మం దగ్గర నిలబడితే, పెద్దలు ముందు అతని మాట వినాలి. విని, లోపలికి తీసుకెళ్ళి, ఉండడానికి చోటివ్వాలి. విచారణ తర్వాత. ముందు చోటు, ఆ తర్వాత తీర్పు. ఆ వరుస దేవుడే పెట్టాడు.

ఆ రోజు వాక్యం బాగుందని చాలామంది అన్నారు. కానీ నేను చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటుంది. పుల్పిట్ మీద ధైర్యం చాలలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

కొంతకాలం క్రితం ఒక శనివారం రాత్రి పదింటప్పుడు ఒక తల్లి మా ఇంటి తలుపు కొట్టింది. కూలికి పోయే మనిషి. "అయ్యగారూ, మావాణ్ణి నిన్న రాత్రి జీపెక్కించుకుపోయారు. ఇంకా పంపలేదు. మీరొక్కసారి వచ్చి మాట్లాడండి" అంది. పొలాల్లో మోటార్ల దగ్గర వైరు పోతోందని అప్పటికి వారం నుంచి ఊళ్ళో గోలగా ఉంది. పోగొట్టుకున్న రైతుల్లో మన సంఘ పెద్ద ఒకరు. వైరు పోవడంతో నీళ్ళందక ఆయన మిరపతోట వాడిపోయింది. ఆ నష్టం చిన్నది కాదు.

ఆ తల్లికి నేను ఏమని చెప్పానో తెలుసా? "రేపు ఆరాధన అయ్యాక చూద్దాం అమ్మా, ప్రార్థన చేసుకో" అన్నాను. ఆమెతో కలిసి మోకరించి ప్రార్థన కూడా చేశాను. ఆమెను పంపేసి తలుపేసుకున్నాను. స్టేషనంటే భయం ఒకటి. పెద్దాయన ఏమనుకుంటాడోనన్న మొహమాటం ఇంకొకటి. ప్రార్థనను అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను. దేవుడు నన్ను క్షమించునుగాక.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళేసరికి కాగితాలు తయారైపోయాయి. పిల్లవాడి వయసు పందొమ్మిది అని రాశారు. వాడికి పదహారు నిండి నాలుగు నెలలు. నేనే వాడి తొట్టెల పండుగకు వెళ్ళి ప్రార్థన చేసినవాణ్ణి, నాకు తెలుసు. "ఎలా రాశారు సార్?" అంటే "వాడే చెప్పాడు" అన్నారు. రెండు రాత్రులు నేల మీద కూర్చున్న పిల్లవాడు ఏమి చెప్పమంటే అది చెప్తాడు. వాడితో పాటు పట్టుబడిన ఇద్దరు పెద్దవాళ్ళతో కలిపి సబ్‌జైలుకు పంపారు. హెడ్మాస్టరు గారి దగ్గర స్టడీ సర్టిఫికెట్ తీసుకుని, వకీలును పట్టుకుని, వాణ్ణి పిల్లల బోర్డు ముందుకు తేవడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల గురించి వాడు ఇప్పటికీ ఎవరితోనూ మాట్లాడడు.

వాడి పేరు, ఊరు నేను రాయను. మీలో కొందరికి తెలిసినా ఎక్కడా రాయకండి. ఎందుకో కింద చెప్తాను.

ప్రియులారా, ఇది జరిగాక నేను చట్టం చదవడం మొదలుపెట్టాను. మనలో చాలామందికి తెలియదుగానీ, మన దేశ చట్టం ఈ విషయంలో వాక్యానికి చాలా దగ్గరగా ఉంది. 2015లో చేసిన జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండని ఎవరినీ 'నేరస్థుడు' అనకూడదు. వాళ్ళను పోలీసు లాకప్పులోగానీ జైల్లోగానీ పెట్టకూడదు. ఏ నేరం మోపినా సరే. పట్టుకున్న 24 గంటల్లోపు, ప్రయాణ సమయం మినహాయించి, బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. తల్లిదండ్రులకు కబురు చేయాలి. ప్రతి పోలీస్ స్టేషన్‌లో పిల్లల సంగతి చూడడానికి ఒక అధికారి ఉండాలి. ఆ మండలిలో ఒక మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. వాళ్ళలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ. బెయిలు ఇవ్వడమే అక్కడ మామూలు పద్ధతి. పిల్లవాడు మళ్ళీ చెడు సావాసంలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో కారణం ఉంటేనే ఆపాలి, ఆ కారణం కాగితం మీద రాయాలి.

తప్పు రుజువైతే మండలి మందలించి పంపవచ్చు. కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజానికి పనికొచ్చే పని చేయించవచ్చు, మంచి నడవడిక షరతు మీద వదలవచ్చు. మరీ అవసరమైతే ప్రత్యేక గృహంలో ఉంచవచ్చు, అదీ మూడేళ్ళకు మించకుండా.

చూశారా, ఆశ్రయపురం కట్టే ఉంది. గుమ్మాలు, గదులు, పెద్దలు, అన్నీ ఉన్నాయి. మరి మన పిల్లవాడు అక్కడికి ఎందుకు చేరలేకపోయాడు?

ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం మూడో వచనం తీసి చూడండి. పట్టణాలు ప్రత్యేకించమన్న దేవుడు అక్కడితో ఆగలేదు. వాటికి దారి కూడా సిద్ధం చేయమన్నాడు. పట్టణం ఉండి దారి లేకపోతే పరుగెత్తేవాడు మధ్యలోనే పట్టుబడతాడు. మన దేశంలో పిల్లల న్యాయానికి వచ్చిన జబ్బు అదే. పట్టణం ఢిల్లీలో కట్టారు. మన మండలం నుంచి అక్కడికి దారి ఎవరూ వేయలేదు.

ఆ దారిలో మొదటి అడుగు వయసు. అది తప్పితే మిగతాదంతా తప్పుతుంది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఒక మనిషిని విడుదల చేసింది. రాజస్థాన్‌కు చెందినవాడు. 1994లో పుణెలో జరిగిన హత్యల కేసులో పట్టుబడ్డాడు. ఉరిశిక్ష పడింది. 28 ఏళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. చివరికి బడి రికార్డు చూస్తే, నేరం జరిగిన రోజుకు అతని వయసు పన్నెండున్నరేళ్ళు. కేసు కాగితాల్లో మాత్రం పేరు వేరు, వయసు వేరు. 2025 జనవరిలో ఇంకొకరు విడుదలయ్యారు. 1994లోనే ఉత్తరాదిలో జరిగిన కేసు. అప్పటికి అతనికి పద్నాలుగేళ్ళు. నాకు వయసు చాలలేదని మొదటి కోర్టులోనే చెప్పుకున్నాడు, ఎవరూ నమ్మలేదు. ఉరిశిక్షను రాష్ట్రపతి యావజ్జీవంగా మార్చారు. దాదాపు పాతికేళ్ళు లోపల గడిచాయి. ఇది కోర్టులు చేసిన అన్యాయమని అత్యున్నత న్యాయస్థానమే ఒప్పుకుంది.

వాళ్ళ మీద మోపిన నేరాలు ఘోరమైనవి. దాన్ని నేను తగ్గించి చెప్పడం లేదు. కానీ ఒక్క కాగితం, బడి రిజిస్టరులోని ఒక్క గీత, మొదటి వారంలో ఎవరైనా తెచ్చి ఉంటే ఆ ఏళ్ళు మిగిలేవి. ఆ ఒక్క కాగితం తెచ్చే మనిషి వాళ్ళకు లేడు. మన పిల్లవాడికి ఉన్నాడు, తలుపేసుకుని పడుకున్నాడు.

డబ్బున్నవాళ్ళ పిల్లలకు ఆ మనిషి ఎప్పుడూ ఉంటాడు. 2024 మే నెలలో పుణెలో పదిహేడేళ్ళ కుర్రవాడు ఖరీదైన కారు నడిపి ఇద్దరి ప్రాణాలు తీశాడన్న కేసు మీకు గుర్తుండే ఉంటుంది. కొన్ని గంటల్లోనే బెయిలొచ్చింది. రోడ్డు ప్రమాదాల మీద మూడు వందల మాటల్లో వ్యాసం రాయమన్నారు. దేశమంతా మండిపడింది. నాకూ కోపం వచ్చింది. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఆ వ్యాసం ఒక ఎగతాళి.

కానీ తర్వాత కూర్చుని ఆలోచిస్తే నా కోపం ఎక్కడికి పోవాలో నాకే తెలియలేదు. ఆ కుర్రవాణ్ణి లాకప్పులో పడుకోబెట్టలేదనా? లాకప్పులో పడుకోబెట్టకూడదు, చట్టం అదే చెప్తోంది. అతని వయసు సరిగా రాశారనా? సరిగానే రాయాలి. అసలు బాధ ఏమిటంటే, చట్టం ఇచ్చిన నీడ ఆ ఇంటికి గంటల్లో చేరింది, మన వీధికి పదకొండు రోజులకు గానీ చేరలేదు. అందరం కలిసి ఆ నీడను కొట్టేయమని అడిగితే నష్టపోయేది ఆ ఇల్లు కాదు. వాళ్ళు ఇంకో చెట్టు వెతుక్కుంటారు. ఎండలో నిలబడేది మన పిల్లలే. ఆశ్రయపురాలు ఇశ్రాయేలీయులకే కాదు, వాళ్ళ మధ్య ఉన్న పరదేశులకూ ఉండాలని సంఖ్యాకాండం 35వ అధ్యాయంలో దేవుడు చెప్పాడు. దారి అందరికీ ఒకే పొడవు ఉండాలి.

ఇక్కడ ఒక సహోదరి అడిగే ప్రశ్న నాకు వినబడుతోంది. మొన్న స్త్రీల కూడికలో అడిగారు కూడా. "అయ్యగారూ, వైరు దొంగతనం సరే. మన ఆడపిల్లను చెరిపినవాడికి పదిహేడేళ్ళని వదిలేయమంటారా?"

న్యాయమైన ప్రశ్న. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తర్వాత దేశమంతా అడిగిన ప్రశ్న ఇది. ఆ కేసులో ఒకడికి పద్దెనిమిది నిండలేదు. మూడేళ్ళ తర్వాత బయటికొచ్చాడు. ఆ కోపంలోంచే 2015 చట్టంలో కొత్త నిబంధన పుట్టింది. పదహారు నిండి పద్దెనిమిది లోపు ఉన్నవాళ్ళ మీద కనీసం ఏడేళ్ళ శిక్ష పడే నేరం మోపితే, మండలి వాళ్ళ మనసు స్థితినీ, తెలివినీ, నేరం జరిగిన పరిస్థితినీ అంచనా వేసి పెద్దవాళ్ళలాగా విచారించడానికి పంపవచ్చు. ఆడపిల్లల కోసం గట్టిగా నిలబడిన జస్టిస్ వర్మ కమిటీ 2013లోనే వయసు తగ్గించవద్దని చెప్పింది. ఆ మాట పక్కకు పోయింది.

నా అభిప్రాయం దాచుకోను. ఈ నిబంధన తీసేయాలి. వదిలేయడం కోసం కాదు. ఘోరం చేసిన పిల్లవాణ్ణి మూడేళ్ళు గట్టిగా పట్టుకుని, చదువు చెప్పి, పని నేర్పి, చేసిన పాపం కళ్ళకు కట్టించి, బయటికొచ్చాక కూడా కనిపెట్టుకుని ఉండే వ్యవస్థ కావాలి. అది చేయలేక పెద్దల జైలుకు పంపడం సులువని అటు వెళ్తున్నాం. పైగా, ఒక పదహారేళ్ళవాడు పదకొండు నెలల క్రితం ఏ మనసుతో ఆ పని చేశాడో ఒకటి రెండు సార్లు మాట్లాడి ఎవరు కొలవగలరు? ఇది చాలా సున్నితమైన పని అనీ, మానసిక నిపుణుల సాయం ఉండాలనీ సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. మన జిల్లాల్లో అలాంటి నిపుణులు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. హృదయాలను పరిశోధించేవాడు దేవుడొక్కడే.

ఆశ్రయపురంలో తెలిసి చంపినవాడికి చోటు లేదు కదా అని మీరు అనవచ్చు. నిజమే, లేదు. అయినా అతను కూడా మొదట గుమ్మం దాకా రావచ్చు, విచారణ అయ్యేదాకా ఎవరూ అతని మీద చెయ్యి వేయకూడదు. తెలిసి చేశాడా, తెలియక చేశాడా అన్నది తేల్చేది సమాజం ముందు జరిగే విచారణే. జీపు ఎక్కించిన రాత్రి కాదు. దెబ్బ తిన్న ఆడపిల్ల విషయంలో మన బాధ్యత ఇంకా పెద్దది. ఆమెకు తోడు వెళ్ళాలి, వకీలును పెట్టాలి, సంఘంలో ఆమె తల ఎత్తుకునేలా చూడాలి. తప్పు చేసిన పిల్లవాణ్ణి ఎంత నలిపితే ఆమెకు అంత న్యాయం జరిగినట్టు అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్తాను. నాకు పదిహేనేళ్ళప్పుడు ముగ్గురం కలిసి ఒకాయన తోటలో కొబ్బరికాయలు దింపి సంతలో అమ్మాం. ఒకసారి కాదు. పట్టుబడ్డాం. ఆయన మా తాతయ్యను పిలిపించాడు. తాతయ్య ఆయన ముందే నన్ను బాదాడు, కాయల డబ్బు కట్టాడు, నెల రోజులు ఆ తోటకు నీళ్ళు పెట్టించాడు. ఆ నెలలో ఆ తోట యజమాని నాకు మధ్యాహ్నం అన్నం పెట్టేవాడు. నా మీద ఎక్కడా కాగితం లేదు. అందుకే నేను ఈ రోజు మీ పాస్టరును. ఆ రోజు ఎవరైనా స్టేషనుకు వెళ్ళి ఉంటే నేనేమయ్యేవాణ్ణో నాకు తెలియదు. అప్పుడు మా తాతయ్య పిలవగానే వచ్చాడు. నేను ఆ తల్లి పిలిస్తే వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ పిల్లవాడి పేరు ఎందుకు రాయలేదో చెప్తాను. వాడు స్టేషన్లో నేల మీద తల దించుకుని కూర్చున్న వీడియో ఒకటి ఫోన్లలో తిరిగింది. మన యవ్వనస్థుల వాట్సాప్ గ్రూపులో కూడా వచ్చింది. కింద "దొంగ దొరికాడు" అని, నవ్వు బొమ్మలు. పెట్టినవాళ్ళు, పక్కవాళ్ళకు పంపినవాళ్ళు ఇది చదువుతున్నారు. నేను తిట్టడానికి రాయడం లేదు. కానీ కేసులో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి, ఆనవాలు ఏదీ బయటపెట్టకూడదని చట్టం ఉంది. పెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. దానికి భయపడి కాకపోయినా, ప్రభువుకు భయపడి ఆ వీడియో ఇప్పుడే తీసేయండి. నోవహు వస్త్రహీనుడై పడి ఉన్నప్పుడు ఒక కొడుకు చూసి బయటికెళ్ళి చెప్పాడు, ఇద్దరు వెనక్కి నడిచి వచ్చి కప్పారు. మనం ఏ కొడుకులమో తేల్చుకోవాలి.

మండలి ముందు కేసు ముగిశాక ఆ తీర్పు వల్ల పిల్లవాడికి ఏ అనర్హతా అంటకూడదని, గడువు తీరాక ఆ రికార్డులు తీసేయాలని కూడా చట్టంలో ఉంది. పెద్దవాళ్ళలాగా విచారించిన కేసుల్లో తప్ప, మిగతా అందరికీ ఇది వర్తిస్తుంది. ప్రభుత్వం చెరిపేసిన దాన్ని మనం గ్రూపుల్లో దాచుకుంటున్నాం. మన పాపాలను సముద్రపు లోతుల్లో పడేసిన దేవుణ్ణి ఆరాధిస్తూ, పిల్లవాడి పాపాన్ని ఫోను గ్యాలరీలో పెట్టుకున్నాం.

దారి వేయడానికి మనం చేయగలిగింది చిన్నదే. పిల్లల జనన ధ్రువీకరణ పత్రం, బడి సర్టిఫికెట్ ప్రతి ఇంట్లో భద్రంగా ఉంచండి. మండలి వయసు తేల్చేటప్పుడు ముందు బడి లేదా పదో తరగతి సర్టిఫికెట్ చూస్తుంది. అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన పత్రం, ఏదీ లేకపోతేనే వైద్య పరీక్ష. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదు. పత్రం లేనివాళ్ళు నాకు చెప్పండి, పంచాయతీ ఆఫీసుకు కలిసి వెళ్దాం. ఏ తల్లికైనా అలాంటి రాత్రి వస్తే రెండు నంబర్లు గుర్తుంచుకోండి. 1098 పిల్లల సహాయానికి, 15100 ఉచిత న్యాయ సహాయానికి. మూడోది నా నంబరు. ఈసారి ఉదయం దాకా ఆగమనను.

సంఘ పెద్దలతో మాట్లాడి ముగ్గురిని ఏర్పాటు చేసుకున్నాం. ఇద్దరు సహోదరులు, ఒక సహోదరి. ఏ మతం పిల్లవాడైనా, ఏ వాడ పిల్లవాడైనా కబురు రాగానే వాళ్ళు వెళ్తారు. గొడవ పడడానికి కాదు. వయసు చెప్పడానికి, పత్రం చూపించడానికి, వాడి పక్కన కూర్చోవడానికి.

ఆ ముగ్గురిలో ఒకరు మిరపతోట పోగొట్టుకున్న పెద్దాయన. నేను అడగలేదు, ఆయనే చెయ్యెత్తాడు. "వాడు చేసింది తప్పే అయ్యగారూ. నా తోట పోయింది. కానీ ఆ వీడియో నా మనవడి ఫోన్లో చూశాక నిద్ర పట్టలేదు" అన్నాడు. ఇంతకంటే ఆయన ఏమీ అనలేదు.

పిల్లవాడు ఇంకా మందిరానికి రావడం లేదు. ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకుంటాడు. తల్లి మాత్రం వస్తోంది, వెనక వరుసలో తలుపు దగ్గర కూర్చుంటోంది. వచ్చే ఆదివారం మీలో ఎవరైనా ఆమె పక్కన కూర్చోండి. ఏమీ అడగకండి.

ప్రార్థిద్దాం. ప్రభువా, నీవు శిలువ మీద వ్రేలాడుతూ పక్కనున్న నేరస్థుడి మాట విన్నావు. గుమ్మం దగ్గర నిలబడిన పిల్లల మాట వినే చెవులు మాకు దయచేయి. రాత్రి తలుపు తట్టినప్పుడు లేచే కాళ్ళు దయచేయి. నష్టపోయినవారి కన్నీరు తుడువు. న్యాయాధిపతులకు, పోలీసు అధికారులకు నీ భయాన్ని, నీ కనికరాన్ని అనుగ్రహించు. యేసు నామంలో, ఆమేన్.

మీ కాపరి, ప్రభువు సేవలో.